ఇరవై ఒక్క రోజుల పెట్ట

పెరట్లో ఊక పోసిన గంపలో, తొమ్మిది గుడ్ల మీద పొదగడానికి కూర్చుంది నల్లపెట్ట. పక్క గంపలో తన గుడ్లు పొదుగుతున్న ఎర్రపెట్టకు క్షణం కుదురుండదు. ఎండ కాస్తే లేస్తుంది, గద్ద నీడ పడితే దూకుతుంది.

ఓనాడు ఆకాశం ఫెళఫెళా ఉరిమింది.

"ఉరుముకు గుడ్లు మురిగిపోతాయే చెల్లీ, లే!" అంటూ ఎర్రపెట్ట పరుగెత్తింది.

"ఉరుముల్ని నమ్ముకుని కూర్చోలేదక్కా. ఇరవై ఒక్క రోజులకని కూర్చున్నా," అంది నల్లపెట్ట.

గడువు నాటికి ఎర్రపెట్ట గుడ్లన్నీ చల్లబడిపోయాయి. నల్లపెట్ట కింద ఎనిమిది పిల్లలు కిచకిచలాడాయి. తొమ్మిదో గుడ్డు మాత్రం ఉలకలేదు, పలకలేదు. నల్లపెట్ట దాన్ని కాలితో పక్కకు తోసి లేచింది.

"అయ్యో, ఇన్నాళ్లూ పొదిగి వదిలేస్తావా?"

"కూర్చోవాల్సిన రోజున లేవలేదు. లేవాల్సిన రోజున కూర్చోనక్కా!"

మెడ నిక్కించి, ఎనిమిదింటినీ వెంటేసుకుని నల్లపెట్ట పెరడంతా ఊరేగింది.