రెండో చప్పుడు

కాలింగ్ బెల్ మోగేసరికి సౌండమ్మ స్పీకరు ఆపి, పళ్లు నూరుకుంటూ వెళ్లి తలుపు తీసింది. అనుకున్నట్టే కింది పోర్షన్ ఆవిడ.

"ఇందాక ఏదో మోగింది. ఏంటండీ అది?"

"మా గేములో ఆయుధం అండీ. సౌండ్ తగ్గిస్తాను లెండి."

"అది కాదు. ముందొకటి మోగింది, తర్వాత ఇంకోటి. ఆ రెండోది ఏంటా అని..."

"ఇంకెప్పుడూ వినపడదు," అని సౌండమ్మ తలుపేసేసింది.

వీడియో గేములకు శబ్దాలు తయారు చేయడం ఆమె ఉద్యోగం. ఆ ముద్దుపేరు ఆఫీసువాళ్లు పెట్టిందే. ఈసారి గేములో కథానాయికకు కత్తీ లేదు, తుపాకీ లేదు. మెడలో పెద్ద డోలు మాత్రం ఉంది. దాన్ని ఒక్క దెబ్బ కొడితే ఆ మోతకే రాక్షసులు వెనక్కి తూలిపోవాలి. ఆ దెబ్బ కోసం సౌండమ్మ ఖాళీ నీళ్ల డ్రమ్మును బాదింది. పరుపును మెట్ల మీంచి దొర్లించింది. ఇనప బీరువాను ఈడ్చి, ఆ కీచుమోతను కంప్యూటర్లో సాగదీసి సాగదీసి గర్జనలా మార్చింది. ఏది పంపినా టీమ్ లీడర్‌ది ఒకటే మాట.

"తలుపు తట్టినట్టుంది తల్లీ. తగలాల్సింది చెవికి కాదు, ఎముకలకు."

ఎముకలకు తగిలిందో లేదో హెడ్‌ఫోన్స్‌లో తెలియదు. పెద్ద స్పీకరును నేల మీద పెట్టి వినాల్సిందే. అలా విన్న ప్రతిసారీ కింది ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షం.

మర్నాడు మెట్ల దగ్గర దొరకబుచ్చుకుని, "పొద్దున మోగింది నిన్నటిదేనా?" అంది. ఆ తర్వాత ఫోన్ పట్టుకుని పైకే వచ్చింది. "అది మళ్లీ ఒకసారి వేస్తారా? రికార్డు చేసుకుంటాను."

సౌండమ్మకు ఒళ్లు మండిపోయింది. లోపలికొచ్చి భర్త మీద విరుచుకుపడింది.

"సాక్ష్యాలు పోగేస్తోంది. ఇంటి ఓనరుకు వినిపించి మనల్ని ఖాళీ చేయించకపోతే అడుగు."

"కింద చంటిపిల్ల ఉంది కదే. ఆవిడ బాధ ఆవిడది."

"మరి నా బాధ ఎవరిది? అక్కడ ఆయన చాల్లేదంటాడు, ఇక్కడ ఈవిడ ఎక్కువైందంటుంది. మధ్యలో నేను చావాలి."

భర్త స్పీకరు కింద పరుపు వేశాడు, గోడలకు దుప్పట్లు కట్టాడు. అప్పటికీ గిన్నెలు అదురుతూనే ఉన్నాయి. విసుగెత్తి సౌండమ్మ స్పీకరును అటకెక్కించి, ఆఫీసులో ఒక మూలగది అడిగి పుచ్చుకుంది. రానూ పోనూ బస్సుల్లో ఒళ్లు హూనమయ్యేది. ఎలాగైతేనేం, ఒక మోత లీడరుకు నచ్చింది. మిగతావన్నీ చెరిపెయ్యమన్నాడు.

సెలవురోజు ఇంట్లో కూర్చుని ఆ పనే మొదలుపెట్టబోతుంటే బెల్ మోగింది. ఆవిడే. భుజం మీద పాప.

"ఇప్పుడేమైందండీ?" సౌండమ్మ గయ్యిమంది. "వారం రోజులుగా ఈ ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు."

"అందుకే వచ్చాను. ఎందుకు ఆపేశారు?"

సౌండమ్మ తెల్లబోయింది.

"ఆ రెండోది, కిటికీ అద్దాలు అదిరిపోయినది, ఒక్కసారి వెయ్యండి. కింద నుంచే రికార్డు చేసుకున్నాను గానీ, మా ఫోన్లో అది పలకట్లేదు. మీ పెద్ద స్పీకరులోనే రావాలి."

"చంటిపిల్లను ఎత్తుకుని అడుగుతున్నారా ఆ మాట? అది మనుషుల్ని హడలగొట్టడానికి చేసిందండీ. పిల్ల జడుసుకోదూ?"

ఆవిడ పాపను భుజం మీంచి దించి, మొహం సౌండమ్మ వైపు తిప్పి పట్టుకుంది.

"పుట్టాక మా పాపకు వినపడింది అదొక్కటేనండీ."