అందరికంటే ముందు

"బావా, కొంచెం మెల్లగా పోదాం," అన్నాడు చుక్కాని పట్టుకున్న బావమరిది.

"చుక్కాని పట్టావు కదా అని నాకు చుక్కలు చూపించకు," అన్నాడు కెప్టెన్.

ఆయన తల పండింది సముద్రంలో. నదికి మాత్రం పచ్చికాయే. ఆయన లెక్కలో నది అంటే పెద్ద మురిక్కాలువ, అందులో ఓడలు నడిపేవాళ్లు కాగితప్పడవలు వదిలే పిల్లకాయలు. మరి అంతటి సముద్రాన్ని ఎందుకు వదిలొచ్చాడయ్యా అంటే, సముద్రమే వదిలించుకుంది. అక్కడ రెండు ఓడల పొట్టలు గీకించాడు. "ఇంకో గీత పడిందా, నీ రాత అంతే. ఉద్యోగం ఊడినట్టే," అని ఈ ఓడ యజమాని ముందే చెప్పాడు.

ఎండలు మండుతున్నాయి. పొద్దున ఎగువన డ్యామ్ గేట్లు ఎత్తగానే నాలుగు పెద్ద ఓడలు వరసగా బయలుదేరాయి. ఈయనది నాలుగోది. ముందున్న మూడూ కొత్త చెప్పులు కరిచిన పెళ్లికొడుకుల్లా, నడుస్తున్నాయో నిలబడ్డాయో తెలియకుండా పోతున్నాయి.

"ఇవి ఓడలా, ఈతకొచ్చిన గేదెలా? ఈ లెక్కన రేవుకి రేపు చేరతాం!"

"అందరూ అలాగే పోతున్నారు కదా బావా."

"గొర్రెలన్నీ అలాగే పోతాయిరా."

రేడియో గరగరలాడింది. మొదటి ఓడలో ఉండి అందరికీ నదిలో దారి చూపే పైలట్. "నాలుగో ఓడ కెప్టెన్ గారూ, దయచేసి మమ్మల్ని దాటకండి. ముందు..."

కెప్టెన్ రేడియో పీక నొక్కేశాడు. "ముందు నేనుంటే వెనక తనుండాలి. అదీ వాడి ఏడుపు. పెంచరా వేగం!"

ఓడ ఒక్కో నత్తనూ దాటింది. దాటినప్పుడల్లా కెప్టెన్ సైరన్ మోగించి, "దుప్పటి కప్పుకుని పడుకోండి తాతగారూ!" అని అరిచాడు. మొదటి ఓడలో పైలట్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"చూశావురా? ఓడ నడిపేవాడు ఓడకూడదు!"

రెండు మలుపులు తిరిగారు. వెనక ఒక్క ఓడ కూడా కనబడలేదు. నదంతా ఆయనదే.

కర్ర్‌ర్‌మంది.

బావమరిది చుక్కాని మీద బోర్లా పడ్డాడు. కెప్టెన్ గోడకు అతుక్కున్నాడు. ఓడ ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. తొంగి చూస్తే కింద రాళ్లు, బురద, తీరిగ్గా ఒంటికాలి మీద ఒక కొంగ. ఓడ అడుగు రేకు పాత గుడ్డలా చిరిగింది. ఉద్యోగం కూడా దాంతోనే.

"మ్యాపులో ఇక్కడ బోలెడు లోతుందే! పొద్దున వదిలిన నీళ్లన్నీ ఎవడు తాగాడ్రా?" గగ్గోలు పెట్టాడు కెప్టెన్.

ఎవడూ తాగలేదు. నీటి నడకకు నడక కలిపిన ఆ మూడు ఓడలనూ మోసుకుంటూ, ఆ నీళ్లు ఇంకా రెండు మలుపుల వెనక వస్తున్నాయి.