నీళ్లలో ఇద్దరు

"ఇద్దరు దిగిన్రు. ఒక్కడే ఎట్ల పైకొచ్చిండు?"

సైదులు ఆ మాట అడుగుతాడని ఉపేంద్రకు తెలుసు. ఏడాదిగా ఎవరో ఒకరు అడుగుతారనే ఎదురుచూస్తున్నాడు.

ఎల్బీనగర్‌లోని ఆ ఇంటి ముందుగది నిండా చుట్టాలు. సాయినాథ్ సంవత్సరీకం. వంటలయ్యాయి, విస్తళ్లు ఇంకా వేయలేదు. సైదులు సాయినాథ్‌కు మేనమామ. లారీ నడుపుతాడు. అంత్యక్రియలకు అందలేకపోయాడు. ఆ బాధంతా ఇవాళ గొంతులోకి వచ్చింది.

ఉపేంద్ర, సాయినాథ్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు. ఈతకొలనులో మొదలైన సరదా ఇద్దరినీ సముద్రం దాకా తీసుకెళ్లింది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుక్కి దిగడం నేర్చుకున్నారు. ఎంత మొనగాడైనా ఒంటరిగా దిగకూడదని నేర్పినాయన మొదటిరోజే చెప్పాడు. ఒకరికి గాలి అయిపోతే రెండోవాడి సిలిండరు నుంచి పీల్చుకోవచ్చు. కాలికి ఏదైనా చుట్టుకుంటే విడిపించడానికి ఇంకో మనిషి ఉంటాడు.

విశాఖలో సాయినాథ్ కాలికి తెగిపోయిన వల చుట్టుకుంది.

శవాన్ని ఇంటికి తెచ్చింది ఉపేంద్రే. సాయినాథ్ తల్లి సుమిత్రమ్మ కొడుకు ముఖం చాలాసేపు చూసింది. తర్వాత ఉపేంద్రను ఒక్క మాటే అడిగింది.

"ఆ టైంల వాని పక్కన ఎవరన్న ఉన్నరా?"

"నేనున్నానమ్మా" అన్నాడు.

అప్పటినుంచి నెలకోసారి రమ్మని ఫోన్ చేసేది. అన్నం పెట్టేది. అతను చెయ్యి కడుక్కోగానే, "జర మళ్ల చెప్పు బిడ్డా" అనేది. అతను చెప్పేవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది. ఆ రోజు తిన్నది అతనికి ఒంటబట్టేది కాదు.

"నిన్నే అడుగుతున్న సారూ" అన్నాడు సైదులు. "ఇద్దరెందుకు పోతరు? ఒకనికొకడు ఆసర అనే గద."

చుట్టాలంతా ఉపేంద్ర వైపు తిరిగారు.

ఉపేంద్ర చెప్పాడు. కత్తితో వల కోయబోయానన్నాడు. గాలి తగ్గిపోతుంటే తనది అందించానన్నాడు. "చివరిదాకా వాడి కుడిచెయ్యి పట్టుకునే ఉన్నాను మామయ్యగారూ."

"ఎడమ చెయ్యి" అంది సుమిత్రమ్మ మెల్లగా. "ఎడమ చెయ్యని చెప్పినవు గద బిడ్డా."

"అవునమ్మా. ఎడమ చెయ్యే."

"ఏ చెయ్యో గూడ యాదికి లేదా?" సైదులు లేచి నిలబడ్డాడు. "నీ పానం తీపై వాన్ని నీళ్లల్ల ఇడిసిపెట్టి వచ్చినవు. అవునా కాదా?"

ఉపేంద్ర తల వంచుకున్నాడు. "అలాగే అనుకోండి" అన్నాడు.

సైదులు అతని కాలరు పట్టుకున్నాడు. సుమిత్రమ్మ వచ్చి తమ్ముడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

"నా ఇంటికొచ్చినోన్ని ఏం అనకు సైదులూ. బయటికి పో."

"ఇంత జరిగినంక గూడ వీన్నే ఎనకేసుకొస్తవా అక్కా?"

"పో అంటున్న."

సైదులు విసురుగా వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూడా ఒకరి వెనక ఒకరు గది ఖాళీ చేశారు.

ఉపేంద్ర చాప మీద కూలబడ్డాడు. ఇక మోయలేననిపించింది.

"అమ్మా, మీకొక నిజం చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. అతని నలిగిన కాలరు సరిచేసింది.

"ఏం చెప్పకు బిడ్డా. ఆ దినం పొద్దుగాల వాడు ఫోన్ చేసి, 'ఉపేంద్ర జరంతోని రూమ్‌ల పండుకున్నడు, ఒక్కన్నే దిగుతున్న' అంటే, పోయి రా కొడుకా అన్నది నేనే."