ఒక్క తెల్ల గడి

“చిన్న ముల్లు ఎక్కడుంది?”

“మూడు మీద.”

“మరి పెద్ద ముల్లు?”

“పన్నెండు మీద.”

“అయితే ఎంతైందే?”

బొంగరం అట్ట గడియారాన్ని కళ్ళప్పగించి చూసింది. తల అటు వంచింది, ఇటు వంచింది. “పన్నెండుంపావు టీచర్” అంది.

టీచరమ్మ గడియారాన్ని బల్ల మీద పెట్టేసింది. ఇంకో గంటలో పిల్లల అమ్మానాన్నలంతా వచ్చేస్తారు. ఏడాది చివర ఆ చిన్న బడిలో పిల్లలు తాము నేర్చుకున్నవన్నీ పెద్దవాళ్ళ ముందు చేసి చూపించడం అలవాటు. రెండో తరగతి గోడకి పెద్ద చార్టు ఉంది. పంతొమ్మిది మంది పిల్లలు, తలా ఒక వరస. చదవడం, ఎక్కాలు, తాడాట, గడియారం చూడడం. ఏది వస్తే ఆ గడిలో ఆ పిల్ల బొటనవేలికి రంగు పూసి ముద్ర వేయిస్తారు. చార్టంతా పూలు పూసినట్టు నిండిపోయింది, ఒక్క గడి తప్ప.

ఆ తెల్ల గడి బొంగరానిది. ఒక్క చోట నిలవదని అందరూ పెట్టిన పేరది. పేపరు గడగడా చదివేస్తుంది. పదహారో ఎక్కం వెనక నుంచి కూడా చెప్పేస్తుంది. తాడాటలో నూట పన్నెండు గెంతులు గెంతి ఐదో తరగతి వాళ్ళ నోళ్ళు మూయించింది. గడియారం దగ్గరకొచ్చేసరికి మాత్రం చిన్న ముల్లు పెద్దదైపోతుంది, పెద్దది చిన్నదైపోతుంది.

టీచరమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. పన్నెండు మంది పిల్లల్ని అంకెల్లా గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో పొడుగు పిల్లాడిని పెద్ద ముల్లుగా, పొట్టి పిల్లని చిన్న ముల్లుగా పడుకోబెట్టి ఆడించింది. చొక్కాలు మట్టికొట్టుకుపోయాయి గానీ, ఆ ఆటతో అందరికీ వచ్చేసింది. దీనికి తప్ప.

హెడ్మాస్టరు గుమ్మంలోంచి తొంగిచూశాడు. “ఏమ్మా, ఏం ఆలోచించుకున్నావు? నాలుగున్నరకి బడి వదలగానే నేను నీ జవాబు కాగితం పట్టుకెళ్ళి ఇచ్చెయ్యాలి. పెద్ద బడి, పెద్ద ఉద్యోగం, పక్క వీధిలోనే మీ అక్కయ్య ఇల్లు. ఇంకొకరైతే ఈపాటికి పెట్టె సర్దేసేవాళ్ళు.”

“సాయంత్రం చెబుతానండి.”

“ఆ ఒక్క గడి గురించేనా?”

“చేరిన రోజే పిల్లలు అడిగారండి, మీరు కూడా వెళ్ళిపోతారా అని. రెండేళ్ళలో వాళ్ళకి నేను నాలుగో టీచర్ని. మీ అందరికీ అన్నీ వచ్చేదాకా కదలనని చెప్పేశాను.”

“పసిపిల్లలతో అన్న మాట. వాళ్ళకి గుర్తుంటుందా ఏమిటి?”

“నాకు గుర్తుంది కదండీ.”

ఆమె ఇప్పటికి ఆరు బళ్ళు మారింది. బస్సు కదిలాక వెనక్కి చూడకూడదని రెండో బడి దగ్గరే నేర్చుకుంది. మూడో బడి దగ్గర మరిచిపోయి చూసింది. రోడ్డు మలుపు దాకా పరిగెత్తుకొచ్చిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తారు.

మధ్యాహ్నం గది కిక్కిరిసిపోయింది. ఏడాది మొదట్లో పేరు అడిగితే ఏడ్చిన పిల్లాడు కథ మొత్తం చదివి వినిపించాడు. వాళ్ళ నాన్న చప్పట్లు కొట్టడం మరిచిపోయి నోరు తెరుచుకుని కూర్చున్నాడు. బయట ఆవరణలో గోనెసంచి పరుగులో కింద పడిన ఇద్దరూ ఒకే సంచిలో దూరి, నవ్వుకుంటూ గీత దాటారు. ఒక్కో పిల్ల లేచి నిలబడుతుంటే టీచరమ్మ మెడ ఒక్కో అంగుళం నిటారైంది. వీళ్ళంతా తన పిల్లలు.

బొంగరం నూట ఇరవై గెంతులు గెంతింది. “మా వైపు వాళ్ళెవరికీ కాలు ఇంత ఎత్తు లేవదు. ఎవరి పోలికో” అంది వాళ్ళ అమ్మమ్మ, పక్కావిడ వైపు గర్వంగా చూస్తూ.

తరవాత గడియారం. అందరిలోకీ తేలికైనదే అడుగుదామని టీచరమ్మ చిన్న ముల్లుని ఆరు మీద, పెద్ద ముల్లుని పన్నెండు మీద పెట్టింది.

“పన్నెండున్నర” అంది బొంగరం.

గదంతా గొల్లున నవ్వింది. “మా ఆయనకీ ఇదే జబ్బమ్మా” అంది అమ్మమ్మ. “పెళ్ళికే రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు.”

బొంగరం తల దించుకుంది. టీచరమ్మ దాన్ని దగ్గరకు తీసుకుని, భుజం చుట్టూ చెయ్యి వేసింది.

“ఈ గదిలో దీని అంత గెంతగలిగినవాళ్ళు, దీని అంత చదవగలిగినవాళ్ళు లేరు” అంది అందరి వంకా చూస్తూ. “ఆ ఒక్కటీ వచ్చే ఏడు వస్తుంది. నేనే నేర్పుతాను.”

అలా అన్నాకే, ఏం నిర్ణయించుకుందో ఆమెకీ తెలిసింది.

హెడ్మాస్టరు గదిలో నిలబడే రాసిచ్చింది, రాలేనని. ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. “మీ అక్కయ్యకి ఏం చెబుతావు?”

“చెప్పేదేముందండి. తిడుతుంది, పడతాను. ఆరు చోట్ల పని సగంలో వదిలేసి వచ్చాను. ఈ ఒక్క చోటయినా పూర్తి చెయ్యనివ్వండి.”

ఆయన కాగితం మడిచి కవరులో పెట్టి, అంటించేశాడు.

టీచరమ్మ వరండాలోకి వచ్చింది. చాలా ఏళ్ళ తరవాత భుజాలు తేలికయ్యాయి. చేతి గడియారం చూసుకుంది. నాలుగూ ఇరవై ఏడు. అమ్మానాన్నలు గేటు దగ్గర గుంపుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. వరండా చివర బొంగరం ఒక్కతే తాడాట ఆడుకుంటోంది. దాని పక్కన ఆయమ్మ గంట కర్ర పట్టుకుని, గోడ గడియారం వైపు కళ్ళు చికిలించి చూస్తోంది.

“కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానే” అంది ఆయమ్మ. “గంట కొట్టెయ్యనా?”

బొంగరం గెంతడం ఆపకుండానే తల ఎత్తి గోడ వైపు చూసింది.

“ఇంకా మూడు నిమిషాలుంది ఆయమ్మా.”