పావు స్వరాల మెట్లు

"నా మెట్లేవి?" అన్నాడు షౌకీ, ఒళ్ళో ఉన్న గిటార్ మెడని కుడిచేత్తో తడుముతూ.

పక్షవాతం లాగేసిన ఎడమచెయ్యి దిండు మీద ఉంది. భార్య ఇబ్తిసామ్ రోజూలాగే దానికి కర్పూరం నూనె రాసి, వేళ్ళు ఒక్కొక్కటే సాగదీస్తోంది.

"ఏ మెట్లు?"

"మన పాటల్లో స్వరాల మధ్య పలికే పావు స్వరాలు మామూలు గిటార్ మీద పలకవని, పాతికేళ్ళ కిందట నేనే రంపంతో గాట్లు కోసి బిగించుకున్నానే, అవి."

గోడకి ఇంకో నాలుగు గిటార్లున్నాయి. మూలన రెండు యాంప్లిఫయర్లు, పక్కన కాలితో నొక్కే ఎఫెక్టు పెట్టెలు నిండిన సూట్‌కేసు. అన్నీ తుడిచి ఉన్నాయి. కైరో పెళ్ళిళ్ళలో జనం అడిగి మరీ వాయింపించుకున్నది మాత్రం ఈ ఒక్కదాన్నే.

"పీకించేశాను," అంది ఇబ్తిసామ్ తలెత్తకుండా. "రేపు దీన్ని కొనడానికొచ్చే ఆయన ఫోటో చూసి, ఎవడో చేతకానివాడు కెలికి పాడుచేశాడనుకున్నాడు. మేస్త్రీ ఆ గాట్లు పూడ్చి రంగేశాడు. అసలు తెలుస్తోందా?"

"అన్నీ అమ్మేసినా ఇది ఉంచుదామన్నావుగా. చెయ్యి బాగయ్యాక నీ పాటకి వాయించాలన్నావు."

ఇబ్తిసామ్ అతని ఉంగరపు వేలు వదిలి చిటికెనవేలు పట్టుకుంది.

"ఇవాళ కాస్త పట్టొచ్చినట్టుంది, చూడు," అంది, ఎనిమిది నెలలుగా రోజూ అంటున్నట్టే.

షౌకీ ఆ వేలి వంక చూశాడు. అది కదల్లేదు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. ఆ మాట ఆమె ఏనాడూ నమ్మలేదని ఇప్పుడు తెలిసింది.

"అవును," అన్నాడు. "నిన్నటికంటే నయం."