నేను నొక్కిన ‘వద్దు’

“ఇవాళ కూడా చాట్ రావడం లేదే, కాస్త చూడు,” అంటూ అత్తయ్య కంప్యూటర్ ముందు కుర్చీ నాకు ఖాళీ చేసింది.

చూడ్డానికేముంది? కొత్త యాంటీవైరస్ వేసినప్పుడు ‘ఈ చాట్ ప్రోగ్రామ్‌ని అనుమతించాలా?’ అని అడిగితే, ‘వద్దు’ నొక్కింది నేనే. వండిపెట్టేది నేను, వేళకి మందులిచ్చేది నేను. గంటలకొద్దీ కబుర్లు మాత్రం వేరే ఊళ్లో ఉన్న మా తోడికోడలితో! ఒళ్లు మండదూ?

“కొన్నాళ్లు చాట్ లేకపోతే ఏం అత్తయ్యా?”

“నాలుగు రోజులైందే. పెద్దది ఏమనుకుంటోందో!”

ఆ మొహం చూడలేక సెట్టింగుల్లోకి వెళ్లి అనుమతించాను. ఆగిపోయిన మెసేజీలు టకటకా వచ్చిపడ్డాయి.

“కళ్లజోడు వంటింట్లో ఉంది. నువ్వే చదువు.”

పైకే చదివాను. “ఎప్పుడు చూసినా చిన్నకోడలి భజనేనా అత్తయ్యా? నేనెలా ఉన్నానో ఒక్కసారైనా అడిగారా?”

దాని కింద ఇంకొకటి, నిన్నటిది. “ఆ మాటకే అలిగి నాతో మాట్లాడటం మానేశారా?”

అత్తయ్య నాలిక కరుచుకుంది. “అయ్యో! ఎలా ఉన్నావని అడగవే ముందు.”

కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

“అక్కయ్యా, అత్తయ్య అలగలేదు. చాట్ ఆపింది నేను.”