తెగిన తీగ మీద మాట

తుఫాను రాత్రి బాపట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ శివపార్వతి ఒక్కతే ఉంది. చీరాల వైపు స్తంభాలన్నీ కూలిపోయాయని లైన్‌మన్ పేరయ్య అప్పుడే వచ్చి చెప్పాడు.

అంతలో బోర్డు మీద చీరాల దీపం వెలిగింది.

ఆమె ప్లగ్గు పెట్టింది.

“చీరాల ఆపరేటర్‌నండీ,” అంది ఒక ఆడగొంతు. “సముద్రం పొంగుతోంది. తీరం ఊళ్ళకు కబురు చేయండి. మీ పక్క ఊరికీ అందించండి.”

ఆ గొంతు వెనక, చీరాలకు అదే మాట చెబుతున్న ఒంగోలు గొంతు వినిపించింది. దాని వెనక నెల్లూరు. ఇంకా వెనక ఎవరెవరో, తెలియని భాషల్లో. ఎవరికి వాళ్ళు తమ పక్క ఊరికి మాత్రమే చెబుతున్నారు. అయినా మాట ఎక్కడినుంచో నడిచి వస్తోంది.

శివపార్వతి తెనాలికి మాట అందించి, పేరయ్యను లారీలో తీరానికి పంపింది. తెల్లారేసరికి ఇళ్ళు మునిగాయి. మనుషులు మిగిలారు.

తీగలు బాగుచేశాక ఆమె చీరాలకు ఫోన్ చేసింది. “ఆ రాత్రి మీరు చెప్పబట్టే మావాళ్ళు బతికారండీ.”

“నేను చెప్పడమేంటండీ?” అంది అదే గొంతు. “మాకు చెప్పింది మీరేగా. మీ గొంతు వెనక, మీకు చెబుతున్న తెనాలి కూడా వినిపించింది.”